తెరచాప యుద్ధనౌక నమూనా: అడుగు దూలం నుంచి ఆఖరి ముడి దాకా

చెక్కతో పాతకాలపు యుద్ధనౌక నమూనా చేయాలనుకునేవారు ఎక్కువగా అడిగేది తాళ్ల గురించే. ఏ తాడు ఎక్కడ కట్టాలి, అంత చిన్న కప్పీలు ఎక్కడ దొరుకుతాయి, తాళ్ల నిచ్చెనకు ముడి ఎలా వేయాలి అని. సగంలో ఆగిపోయిన నమూనాల ఫొటోలు చూస్తే మాత్రం జబ్బు తాళ్లలో ఉండదు, ఓడ పొట్టలో ఉంటుంది. ముక్కు దగ్గర గుంట, ఒక పక్క ఉబ్బు, వంకర పోయిన అడుగు దూలం కనిపిస్తాయి. వాటి మీద ఎంత అందమైన తాళ్లు కట్టినా కన్ను ఆ గుంట దగ్గరే ఆగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా పొట్ట గురించే ఉంది. తాళ్ల దగ్గరికి వచ్చేసరికి మీకు ఓపిక ఎలాగూ అలవాటవుతుంది.

రోజుకు గంట, ఆదివారం మరో రెండు గంటలు కేటాయిస్తే రెండేళ్లు పట్టే పని ఇది. సంక్రాంతికి మొదలుపెట్టి దసరాకు బొమ్మల కొలువులో పెడదామనుకుంటే ఇప్పుడే మానుకోండి.

## 1. ఏ ఓడ, ఏ ఏడాది, ఏ స్కేలు

మొదటి నమూనాకే విక్టరీ నౌకను ఎంచుకోకండి. మూడు ఫిరంగి అంతస్తులు, 104 ఫిరంగులు ఉన్న ఓడ అది. ఒకే రకం కిటికీని, ఒకే రకం ఫిరంగిని వందసార్లు చేయాల్సి వచ్చేసరికి చాలామంది విసిగి అటక ఎక్కించేస్తారు.

ఒకే ఫిరంగి అంతస్తు ఉన్న ఫ్రిగేటు మేలు. నా సలహా ట్రింకోమలీ. బొంబాయి వాడియా నౌకా నిర్మాణశాలలో టేకుతో కట్టి 1817లో నీట దించిన బ్రిటిష్ నౌకాదళపు ఫ్రిగేటు ఇది. ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటి మీదే ఉంది. కాబట్టి అన్ని వైపుల నుంచి తీసిన ఫొటోలు దొరుకుతాయి. సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి అసలు ఓడే ఉండటం చిన్న సౌకర్యం కాదు.

ఏ సంవత్సరపు రూపం చేస్తున్నారో ముందే తేల్చుకోండి. 1845లో ఈ ఓడకు ఫిరంగుల సంఖ్య తగ్గించి, వెనుక భాగం ఆకారం మార్చారు. 1817 నాటి ప్లాను చూసి పొట్ట చేసి, తర్వాతి రూపం ఫొటోలు చూసి వెనుక భాగం చేస్తే రెండూ అతకవు.

స్కేలు విషయానికొస్తే, ఫిరంగి అంతస్తు పొడవు సుమారు 150 అడుగులు, వెడల్పు సుమారు 40 అడుగులు. 1:64 స్కేలులో, అంటే అసలు ఓడలో 64వ వంతుగా చేస్తే, పొట్ట 71 సెంటీమీటర్ల పొడవు, 19 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. ముక్కు నుంచి ముందుకు పొడుచుకొచ్చే కొయ్య, తెరచాపలు మోసే నిలువు స్తంభాలు (కొయ్యలు) కలిపితే దాదాపు 110 సెంటీమీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల ఎత్తు. 1:96 అయితే పొట్ట 48 సెంటీమీటర్లే. చోటు కలిసొస్తుంది కానీ చిన్న సామాను చేయడం చేతికీ కంటికీ శిక్ష. వీలైతే 1:64కే కట్టుబడండి.

ప్లాను కొనకముందు చూసుకోవాల్సినవి:

- గాజు పెట్టెతో సహా ఓడ ఎక్కడ ఉండబోతోంది? ఆ చోటును టేపుతో కొలిచారా?
- ఆ పెట్టె గది గుమ్మంలోంచి, మెట్ల మలుపులోంచి పడుతుందా?
- చేసే రెండేళ్లూ పిల్లలు, పిల్లి చేరని బల్ల ఒకటి ఉందా?

## 2. ప్లాను ప్రింటు

అప్పటి నౌకాదళ ఓడల అసలు గీతలు గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా మ్యూజియంలో ఉన్నాయి. నమూనాకారుల కోసం గీసిన ప్లాన్లు కూడా అమ్ముతారు. ఏది తీసుకున్నా చివరికి మన ఊళ్లో ప్రింటు తీయించక తప్పదు. తప్పు అక్కడే మొదలవుతుంది. ఇళ్ల ప్లాన్లు ప్రింటు తీసే షాపులో కూడా కంప్యూటర్ తనంతట తానే బొమ్మను కాగితానికి సరిపడా కుదించేస్తుంది. 2 శాతం కుదిస్తే కంటికి తెలియదు. కానీ ఒక షీటు కుదించినదీ మరో షీటు కుదించనిదీ అయితే పొట్ట అస్థిపంజరంలోని అడ్డపలకలు వెన్ను పలకలో కూర్చోవు.

ప్లానులో 100 మిల్లీమీటర్ల గీతను నిలువున ఒకటి, అడ్డంగా ఒకటి గీయించి ప్రింటు తీయించండి. షాపులోనే స్కేలు పెట్టి కొలవండి. రెండూ సరిగ్గా ఉంటేనే డబ్బులివ్వండి. అన్ని షీట్లూ ఒకే రోజు, ఒకే యంత్రం మీద తీయించండి. రెండు ప్రతులు తీసుకోండి, ఒకటి కోయడానికి, ఒకటి చూసుకోవడానికి.

## 3. కర్ర: మన దగ్గర దొరికేది, పనికొచ్చేది

అసలు ఓడ టేకుది కాబట్టి నమూనా కూడా టేకుతోనే చేస్తానని పట్టుపట్టేవారున్నారు. వద్దు. టేకులో రంధ్రాలు పెద్దవి. పావు మిల్లీమీటరు రంధ్రాన్ని 1:64 లెక్కన పెద్దది చేసి చూడండి, 16 మిల్లీమీటర్ల గుంట అవుతుంది. అంటే మీ చిన్న ఓడ పలకల నిండా గోతులున్నట్టు కనిపిస్తుంది. టేకును లోపలి భాగాలకు, పీఠానికి వాడండి. కనిపించే పలకలకు నార సన్నగా, బిగుతుగా ఉన్న కర్ర కావాలి.

పనస: బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు పనసతోనే చేస్తారు. వీణ చెక్కాక మిగిలిన ముక్కలు అడిగి తీసుకోండి. మనకు కావలసినది అరచేయి అంత ముక్కే. అడుగు దూలానికి, ముక్కు దూలానికి, ముక్కు కింద చెక్కే బొమ్మకు ఇది చక్కగా సరిపోతుంది. ఉలికి లొంగుతుంది. మొదట పసుపుగా ఉండి, పోనుపోను గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి రంగు వేయనక్కరలేదు.

అంకుడు: ఏటికొప్పాక బొమ్మలకు వాడే తెల్లటి మెత్తని కర్ర. చిన్న పీపాలు, చక్రాలు, కప్పీలు, చెక్కడపు పనులకు బాగుంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు గాలి ఆడనిచోట పెడితే బూజు పట్టి నీలి మచ్చలు తేలతాయి. ఎండినదే కొనండి.

పైన్: యంత్రాల పెట్టెలు విప్పి పారేసే చెక్క. మొదటి పొర బద్దలకు ఇంతకన్నా చవక కర్ర లేదు. ముళ్లు లేని, నార నిటారుగా ఉన్న ముక్క ఏరుకోవాలి, అంతే.

వెదురు: సన్నని అడ్డకొయ్యలకు, చెక్క మేకులకు. ముందు నీళ్లలో మరిగించి, నీడన ఆరబెట్టి వాడండి. లేకపోతే పురుగు పట్టి నాలుగు నెలల తర్వాత బల్ల మీద పసుపు పొడి రాలుతుంది.

సరుగుడు: తీరమంతా ఉంది, చవక, నిటారుగా పెరుగుతుంది. కొయ్యలకు వాడదామని అందరికీ అనిపిస్తుంది. ఎండే కొద్దీ పగులుతుంది, మెలి తిరుగుతుంది. దాన్ని పందిళ్లకే వదిలేయండి.

అడ్డపలకలకు 5 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ వాడండి. చెక్కపొట్టు అదిమి చేసే ఎండీఎఫ్ వద్దు. ఒక వానాకాలం గాలి తగిలితే అంచులు ఉబ్బుతాయి.

ఏ కర్రయినా చేవ భాగమే తీసుకోండి. పైనుండే తెల్లటి భాగానికే పురుగు ముందు పడుతుంది. కోసిన బద్దలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా మధ్య పుల్లలు పెట్టి, గోడకు దూరంగా, నీడలో ఆరనివ్వండి. ఎండిందా లేదా అన్నది చేత్తో తట్టి చెప్పే విద్య కాదు. వంటింటి తూకం మీద వారానికోసారి ఒకే బద్దను తూచండి. మూడు వారాలు వరుసగా బరువు మారకపోతే ఎండినట్టు.

## 4. పనిముట్లు

ఖరీదైన యంత్రాలేవీ మొదట్లో అక్కర్లేదు.

- సన్నని పళ్ల రంపం, వంపులు కోయడానికి ఫ్రెట్‌సా
- 3, 6 మిల్లీమీటర్ల ఉలులు, చిన్న చిత్రిక
- కంసాలులు వాడే చిన్న ఆకురాళ్ల సెట్టు, సన్నని పట్టుకారు
- 80, 120, 180, 240 నంబర్ల గరుకు కాగితం
- 0.5 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా డ్రిల్ బిట్లు, చేత్తో తిప్పే డ్రిల్
- స్టీలు స్కేలు, మూలమట్టం, వెర్నియర్
- బట్టల క్లిప్పులు, గుండుసూదులు చేతికందినన్ని
- పాత ఇస్త్రీ పెట్టె

జిగురుగా తెల్లటి ఫెవికాల్ చాలు. క్షణాల్లో అంటుకునే జిగురును వీలైనంత దూరంగా ఉంచండి. తేమ ఎక్కువున్న గాలిలో అది ఆరేటప్పుడు చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ వదులుతుంది. మన తీరంలో ఆ మచ్చ తప్పదు.

## 5. ఏ కాలంలో ఏ పని

జనవరి నుంచి మే దాకా గాలి కాస్త పొడిగా ఉన్నప్పుడు పొట్ట పని, పలకలు అతకడం. జూన్ నుంచి వానలు, అక్టోబరులో తుపాన్లు. ఆ నెలల్లో కర్ర ఉబ్బుతుంది, జిగురు ఆరదు, కరెంటు ఉండదు. చేతిలో పట్టుకుని చేసుకునే ఫిరంగులు, కప్పీలు, చిన్న పడవలు, లంగర్లు అప్పటికి దాచుకోండి. వానాకాలంలో బిగించిన నూలు తాడు ఎండాకాలంలో వదులవుతుంది. తాళ్ల పనిని కూడా జనవరి తర్వాతే పెట్టుకోవడం మంచిది.

## 6. వెన్ను, అడ్డపలకలు

ఓడ నిలువుకోత ఆకారంలో ఒక పొడవాటి వెన్ను పలక, దాని గాళ్లలో అడ్డంగా కూర్చునే అడ్డపలకలు: పొట్టకు ఇదే అస్థిపంజరం. 1:64లో అడ్డపలకల మధ్య దూరం 35 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంచండి. అంతకన్నా ఎడంగా ఉంటే బద్దలు మధ్యలో కుంగుతాయి.

వెన్ను పలకను కోశాక రెండు రోజులు నిలువుగా ఆనించి ఉంచి, ఒక చివర నుంచి కన్ను పెట్టి చూడండి. ఏమాత్రం వంపున్నా మరో ముక్క కోయండి. తర్వాత సరిచేద్దామనుకున్న వంపు ఓడతోపాటే ఉండిపోతుంది.

లేజరుతో కోయించుకుంటే కొలతలు చక్కగా వస్తాయి. కానీ కాలిన నల్ల అంచుకు జిగురు సరిగా పట్టదు. అతికే ముందు ఆ నలుపును గీకేయండి.

అడ్డపలకలను ముందు జిగురు లేకుండా పెట్టి చూడండి. గాడిలో సుత్తి అక్కర్లేకుండా, ఊగకుండా కూర్చోవాలి. అన్నీ కుదిరాక ఫిరంగి అంతస్తు కింద పరిచే పలుచని ప్లైవుడ్‌ను కూడా పెట్టి, అప్పుడు జిగురు రాయండి. ఆ ప్లైవుడ్డే అస్థిపంజరాన్ని నిటారుగా పట్టి ఉంచేది. దాన్ని తర్వాత పెడదామని వాయిదా వేసిన నమూనాలే మెలి తిరుగుతాయి.

బద్దలు మొదలుపెట్టే ముందు ముక్కు నుంచి వెనుక దాకా నడిమీద ఒక దారం బిగించి కట్టండి. ప్రతి అడ్డపలక నడిగీత ఆ దారం కిందే ఉండాలి.

## 7. సాపు చేయడం: ఓడ తేలేదీ మునిగేదీ ఇక్కడే

ఓడ నడుము దగ్గర అడ్డపలకల అంచు నిలువుగానే ఉండవచ్చు. ముక్కు వైపు, అంటే అణియం వైపు, వెనుక అమరం వైపు పోయేకొద్దీ పలకలు ఏటవాలుగా వస్తాయి. కాబట్టి అడ్డపలక అంచును కూడా ఆ వాలుకే చెక్కాలి. చెక్కకపోతే బద్ద ఒక్క మూల మీదే ఆనుతుంది. జిగురు సగం కూడా పట్టదు, పైన మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

చేసే తీరు:

1. ముక్కు దగ్గర మొదటి రెండు మూడు అడ్డపలకల మధ్య పైన్ దిమ్మలు నింపి అతకండి. వెనుక కూడా అలాగే. అక్కడ వంపు ఎక్కువ, బద్దకు ఆధారం కావాలి.

2. ప్రతి అడ్డపలక అంచు మీద పెన్సిలును అడ్డంగా రుద్ది నల్లగా చేయండి.

3. ఒక పొడవాటి సన్నని బద్దకు గరుకు కాగితం అతికించండి. ఒకేసారి కనీసం మూడు అడ్డపలకల మీద ఆనేంత పొడవుండాలి. చిన్న దిమ్మతో రుద్దితే ఒక్కో పలకా ఒక్కో తీరుగా అరిగిపోతుంది.

4. దాన్ని కాస్త వంచి పట్టుకుని, ముక్కు నుంచి నడుము వైపు నిదానంగా లాగండి. పెన్సిలు నలుపు ముందు ఒక మూల పోతుంది. మెల్లగా అంచు వెడల్పంతా పోతుంది. చివరి నలుపు చార మాయమవుతున్నప్పుడు ఆపండి. అంతకు మించి ఒక్క లాగుడు కూడా వద్దు.

5. ఇప్పుడు ఒక మంచి బద్దను వేళ్లతో పట్టుకుని పొట్ట మీద ఆనించండి. దీపాన్ని వెనుక పెట్టి చూడండి. బద్దకూ అంచుకూ మధ్య వెలుగు కనిపిస్తే అక్కడ ఇంకా ఆనలేదు. పైనుంచి కింద దాకా ఐదారు చోట్ల ఈ పరీక్ష చేయండి.

6. ఎక్కడైనా ఎక్కువ అరిగిపోతే పుట్టీ నింపకండి. ఆ అంచుకు వెనీర్ (పలుచని చెక్క పొర) ముక్క అతికించి, ఆరాక మళ్లీ రుద్దండి.

7. కుడి పక్క ఎలా ఉందో ఎడమ పక్క అలాగే ఉందా? అట్టతో ఒక పక్క ఆకారం కోసి, తిప్పి రెండో పక్క పెట్టి చూడండి.

ఈ పనికి ఒక ఆదివారం చాలదు. పలకలు అతకాలన్న తొందర ఇక్కడే పుడుతుంది. బద్ద పరీక్షలో వెలుగు కనిపిస్తున్నంత కాలం జిగురు డబ్బా మూత తీయకండి.

## 8. మొదటి పొర బద్దలు

5 మిల్లీమీటర్ల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న బద్దలు తీసుకోండి. అన్నీ ఒకే వెడల్పుతో అతికేస్తే నడుము దగ్గర సరిపోతాయి, ముక్కు దగ్గర ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. ముందు లెక్క, తర్వాతే అతుకు.

కాగితపు పట్టీని అడ్డపలక అంచు మీద చుట్టి, ఫిరంగి కిటికీల కింది గీత నుంచి అడుగు దూలం దాకా కొలవండి. ఉదాహరణకు నడుము దగ్గర 140 మిల్లీమీటర్లు వస్తే 5 చొప్పున 28 బద్దలు. అదే ముక్కు దగ్గర 84 వస్తే, 28తో భాగిస్తే ఒక్కో బద్ద అక్కడ 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. వెనుక 154 వస్తే ఒక్కోదానికి 5.5 కావాలి. బద్ద 5 కన్నా వెడల్పు కాలేదు కాబట్టి అక్కడ మధ్యలో సూదిమొన ముక్కలు దూర్చాలి. ప్రతి అడ్డపలక మీద ఈ గుర్తులు పెన్సిలుతో పెట్టుకోండి.

సగం వెడల్పు కన్నా సన్నగా ఏ బద్దనూ చెక్కకండి. అంతకన్నా సన్నం కావాల్సి వస్తే రెండు బద్దలను ఒకే బద్దగా కలిపేయండి. అసలు ఓడల్లోనూ అంతే చేసేవారు, ఎందుకంటే కత్తిమొనలాంటి చివరలో మేకు నిలవదు.

అతికే వరుస:

- మొదటి బద్ద ఫిరంగి కిటికీల కింది గీత వెంట. దీని వంపు మీదే మిగిలినవన్నీ ఆధారపడతాయి.
- కుడి పక్క ఒకటి, వెంటనే ఎడమ పక్క ఒకటి. ఒకే పక్క నాలుగు వేసేస్తే జిగురు ఆరేటప్పుడు వెన్నును ఆ పక్కకు లాగేస్తుంది.
- పైనుంచి కొన్ని, అడుగు దూలం నుంచి పైకి కొన్ని. చివరి సందు పొట్ట మలుపులో, అంతగా కనిపించని చోట మూసుకోవాలి.

వంచడానికి బద్దను వేడినీళ్లలో 20 నిమిషాలు నాననిచ్చి, ఇస్త్రీ పెట్టె అంచు మీద నెమ్మదిగా లాగండి. ఆ వంపులోనే పిన్నులు గుచ్చి ఆరనివ్వండి. ఆరాకే జిగురు. తడి బద్దను అలాగే అతికిస్తే ఆరేటప్పుడు కుదించుకుని సందులిస్తుంది. పక్కవాటు వంపు కోసం బలవంతం చేయకండి. బద్ద ఒక అంచు పైకి లేస్తుంది, ఎన్ని పిన్నులు గుచ్చినా వినదు. అలాంటిచోట వెడల్పు బద్ద నుంచి ఆ వంపులోనే కోసుకోవాలి.

పొర పూర్తయ్యాక పిన్నులు పీకి, 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 180 దాకా రుద్దండి. చిన్న సందులకు రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్ద చాలు. పైన ఇంకో పొర వస్తుంది కాబట్టి మచ్చ కనిపించదు. కళ్లు మూసుకుని అరచేతితో ముక్కు నుంచి వెనక్కి నిమరండి. కంటికి చిక్కని గుంటను చెయ్యి పట్టేస్తుంది.

## 9. ఫిరంగి కిటికీలు

ఈ ఫ్రిగేటు ప్రధాన అంతస్తులో 28 ఫిరంగులు, అంటే పక్కకు 14 కిటికీలు. ఎక్కువ నమూనాలు పాడయ్యేది ఈ వరుసలోనే. ఓడ అంతస్తు ముందూ వెనుకా కాస్త పైకి లేచి ఉంటుంది. కిటికీల కింది గడప ఆ వంపునే అనుసరించాలి, నీటిగీతను కాదు. పక్క అంచులు మాత్రం అన్నీ నిలువుగానే ఉండాలి, వంపుతోపాటు వాలకూడదు.

అంతస్తు మీద ఫిరంగి బండి ఎత్తుకు ఒక దిమ్మ కోసుకుని, దాన్ని జరుపుతూ లోపలి నుంచి గీత గీస్తే ఎత్తు తప్పదు. మధ్యలో రంధ్రం పెట్టి, ఆకురాయితో గీత దాకా పెంచండి. కోశాక రెండడుగుల దూరం నుంచి, పడవను నీటి మట్టం నుంచి చూస్తున్నట్టు కన్ను కిందికి దించి చూడండి.

## 10. రెండో పొర, నల్ల పట్టీ, రాగి

ప్లైవుడ్ షాపుల్లో దొరికే అర మిల్లీమీటరు వెనీర్‌ను స్టీలు స్కేలు పెట్టి 4 మిల్లీమీటర్ల పట్టీలుగా కోయండి. నార నిటారుగా ఉన్న షీటే ఎంచుకోండి. చెప్పుల జిగురు వాడకండి, మన మే నెల వేడికి అది ఉబ్బి ఊడుతుంది. పొట్టకూ పట్టీకీ పలుచగా ఫెవికాల్ రాసి ఆరనిచ్చి, తర్వాత ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి నొక్కితే ఇక కదలదు.

కిటికీల కింద ఓడ చుట్టూ వచ్చే మందపాటి నల్ల పట్టీని విడిగా అతకండి. రంగు పూసి పట్టీలా చూపిస్తే చదునుగా తెలిసిపోతుంది.

నీటిగీత కింద రాగి రేకులు. అసలు రేకు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 1:64లో 19 మిల్లీమీటర్లు, 5.5 మిల్లీమీటర్లు. జిగురున్న రాగి టేపు తెచ్చుకుని ఈ కొలతకు కోసుకోవచ్చు. వెనుక నుంచి ముందుకు వేసుకుంటూ రండి. ముందు రేకు అంచు వెనుక రేకు మీదికి రావాలి, నీళ్లు కింద దూరకుండా. చేతులకు తొడుగులు వేసుకోండి. వేలిముద్ర పడ్డచోట వారంలో నల్ల మచ్చ తేలుతుంది. పడితే నిమ్మరసంలో ముంచి పిండిన దూదితో తుడిచి, వెంటనే మంచినీటి దూదితో తుడిచి ఆరబెట్టండి. ఇక మన సముద్రపు గాలికి రాగి కొన్ని నెలల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. అదే బాగుంటుంది, మెరుగు పెట్టకండి.

## 11. పైఅంతస్తు, ఫిరంగులు

డెక్కు బద్దల పొడవు అసలు ఓడలో 24 అడుగులనుకుంటే, 1:64లో 114 మిల్లీమీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే బద్ద పరిచేయకండి. ఆ పొడవుకు కోసి, పక్క వరుసల అతుకులు ఒకచోట పడకుండా జరుపుతూ అతకండి. సందులో నల్లటి గీత కోసం బద్ద ఒక అంచుకు మెత్తని పెన్సిలు రుద్దితే చాలు. నల్ల మార్కరు వద్దు, సిరా నారలోకి పాకుతుంది.

ఫిరంగులను ఇత్తడితో మెరిపించాలని చాలామందికి మోజు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడిని చూస్తే ఎవరికైనా ఆ మోజు పుడుతుంది. కానీ ఆ కాలపు బ్రిటిష్ యుద్ధనౌకల ఫిరంగులు పోత ఇనుమువి, నల్ల రంగు వేసినవి. అందుకే అంకుడు కర్రతో లేత్ పట్టించి, మసక నలుపు వేస్తే ఇత్తడి కన్నా నిజంగా ఉంటుంది. 8 అడుగుల గొట్టం 38 మిల్లీమీటర్లు వస్తుంది. ఒకటి బాగా చేసి, దానికి సిలికాన్ అచ్చు తీసి రెసిన్ పోసుకోవచ్చు.

ముందూ వెనుకా పైఅంతస్తులు మూసేముందు వాటి కింద ఉండే ఫిరంగులు, వాటి తాళ్లు పెట్టేశారా? ఈ ఒక్కటి చూసుకోకుండా మూసేస్తే తర్వాత చెయ్యి దూరదు.

## 12. కొయ్యలు

కొయ్యను లేత్ మీద తిప్పడం కన్నా చేత్తో చెక్కడమే నిటారుగా వస్తుంది. నార సూటిగా ఉన్న చదరపు రీపరు తీసుకోండి. 10 మిల్లీమీటర్ల చదరం అనుకుంటే, ప్రతి ముఖం మీద రెండు అంచుల నుంచి 3 మిల్లీమీటర్ల దగ్గర గీత గీయండి. మధ్యలో మిగిలేది 4. ఆ గీతల దాకా మూలలు చిత్రిక పడితే ఎనిమిది పలకలు సమానంగా వస్తాయి. వాటి మూలలు మళ్లీ తీస్తే పదహారు. ఆ తర్వాత గరుకు కాగితాన్ని చుట్టి రుద్దితే గుండ్రం. పైకి సన్నబడే వాలును మాత్రం చదరంగా ఉన్నప్పుడే చెక్కేయాలి. గుండ్రంగా చేశాక సన్నం చేయబోతే అరటి బోదెలా వంకర్లు పోతుంది.

కొయ్యల వాలు మూడింటికీ వేరు. ప్లాను నుంచి అట్ట ముక్కకు దింపుకుని, డెక్కు మీద నిలబెట్టి సరిచూసుకోండి.

## 13. తాళ్లు

వరుస ఇది: ముందుకు పొడుచుకొచ్చే కొయ్య, దాన్ని ముక్కుకు బిగించే కట్టు, కింది కొయ్యల పక్క మోకులు, ముందు వెనుక మోకులు, పై కొయ్యలు, చివరగా అడ్డకొయ్యలు, వాటిని లాగే తాళ్లు. లోపలివి ముందు, బయటివి తర్వాత. కొయ్యలను నిలబెట్టే మోకులు తారు పూసినవి, నల్లగా ఉండాలి. లాగే తాళ్లు లేత గోధుమ రంగు.

దారం విషయంలో పొందూరు సన్న నూలు గుర్తొస్తుంది. 100 కౌంటు దారం మూడు పోగులు పురి పెడితే అసలు తాడులాగే కనిపిస్తుంది. కానీ నూగు ఉంటుంది, తేమకు బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. లాగే తాళ్లకు వాడి, తేనెమైనం మీదుగా రెండుసార్లు లాగండి. బరువు మోసే మోకులకు మంచి పాలిస్టరు దారమే మేలు. వలలకు వాడే నైలాను వద్దు. సాగుతుంది, మెరుస్తుంది, ముడి జారుతుంది.

పక్క మోకులు జంటలుగా వేస్తారు. కుడి పక్క ముందు జంట, తర్వాత ఎడమ పక్క ముందు జంట, మళ్లీ కుడి. ఒక పక్కే పూర్తి చేస్తే కొయ్య అటు వంగిపోతుంది. మోకు కింద కట్టే మూడు కళ్ల బిళ్లలు అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. రెండు కొనలు వంచిన ఇత్తడి తీగను పై బిళ్లకూ కింది బిళ్లకూ మధ్య పెట్టి కడితే దూరం మారదు.

ఆ కింది బిళ్లను పట్టి ఉంచే ఇనుప పట్టీ వాలును ఊహించి పెట్టకండి. కొయ్య తల నుంచి బిళ్ల మీదుగా పొట్ట దాకా దారం పట్టుకోండి. అది పడిన గీతే పట్టీ గీత. అందుకే ఈ పట్టీలన్నీ ఒకే వాలులో ఉండవు, ముందు నుంచి వెనక్కి క్రమంగా మారతాయి.

తాళ్ల నిచ్చెన మెట్ల మధ్య 5 నుంచి 6 మిల్లీమీటర్లు. గీతలు గీసిన కాగితాన్ని మోకుల వెనుక అంటించి, గీత వెంట ముడి వేసుకుంటూ పొండి. మధ్య మోకులకు చుట్టుముడి, చివరి రెండింటికీ బిగింపు ముడి. లాగి బిగిస్తే మోకులు లోపలికి నడుము సన్నబడినట్టు వంగుతాయి. వదులుగానే వేసి, నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్కతో పట్టించండి.

తాడు మొదలుపెట్టేముందు:

- ఏ తాడు ఏ మేకుకు కట్టాలో తెలిపే ప్లాను కాపీ గోడకు ఉందా? కట్టిన ప్రతి తాడునూ దాని మీద కొట్టేస్తున్నారా?
- కప్పీలను అడ్డకొయ్యలకు ముందే, బల్ల మీదే కట్టేశారా? ఓడెక్కాక కట్టాలంటే చేతికి అందవు.
- డెక్కు మీద తాడు కట్టే మేకులు లాగితే ఊడకుండా ఉన్నాయా?

## 14. తెరచాపలు పెట్టాలా

నా మాట వింటే వద్దు. పొందూరు ఖద్దరు ఎంత పల్చనిదైనా, దాని నూలు పోగు 64 రెట్లు పెరిగితే తాడంత అవుతుంది. పెట్టి తీరాలనుకుంటే చుట్టి కట్టిన తెరచాపలే పెట్టండి, అదీ పలుచని టిష్యూ కాగితంతో, అసలు ఎత్తులో మూడో వంతే కోసి. పూర్తి ఎత్తు చుడితే పరుపు చుట్టలా లావవుతుంది.

## 15. గాజు పెట్టె

పెట్టె లేని నమూనాకు దుమ్ము పట్టడానికి ఒక వేసవి చాలు. తాళ్ల మధ్య దుమ్ము తుడవడం ఎవరి వల్లా కాదు. ఓడ కొలతకు అన్ని వైపులా 5 సెంటీమీటర్లు కలిపి పెట్టె చేయించండి. అడుగున రెండు చిన్న గాలి రంధ్రాలు ఉంచి, వాటికి సన్నని వల అతికించండి. గాలి ఆడని పెట్టెలో కర్ర నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడిబారిపోతుంది. అందుకే లంగర్లకు, చిన్న బొమ్మలకు వలల సీసపు గుళ్లు కరిగించి వాడకండి.

గోడకు ఆనించకండి, చెదలు దారి చేసుకుంటాయి. పడమటి కిటికీ ఎదురుగా వద్దు, ఎండకు నల్ల తాళ్లు వెలిసిపోతాయి. ఏడాదికోసారి, వానలు తగ్గాక, పెట్టె తీసి పక్క మోకుల బిగువు వేలితో తట్టి చూసి, వదులైనవాటిని కింది బిళ్లల దగ్గర బిగించండి.